బనియను బయటికొచ్చింది, ఎవరూ చెప్పలేదు

శనివారం ఉదయం ఐదున్నర. డాలస్ శివార్లలోని మా ఇంట్లో ఒక్క బాత్రూంలోనే లైటు వెలుగుతోంది. మా అబ్బాయి పదకొండో తరగతి. ఆ రోజు వాడికి స్పీచ్ అండ్ డిబేట్ పోటీ. ఏడున్నరకల్లా నలభై మైళ్ల దూరంలో ఉన్న స్కూల్లో ఉండాలి. డిబేట్‌కి వెళ్లే పిల్లలున్న ఇళ్లకు ఈ శనివారాల సంగతి నేను చెప్పక్కర్లేదు. సూటు, టై, లాప్‌టాప్, ప్లేటులో సగం వదిలేసిన ఉప్మా.

‘నాన్నా, ఇది మళ్లీ బయటికొచ్చేసింది’ అని లోపలి నుంచి కేకేశాడు.

వెళ్లి చూశాను. ముందు నుంచి చూస్తే పెళ్లికొడుకులా ఉన్నాడు. వెనక నుంచి చూస్తే చొక్కా సగం లోపల, సగం బయట. దాని కింద నుంచి బనియను అంచు తోకలా వేలాడుతోంది. ‘పైన కోటుంటుందిగా, ఎవరు చూస్తారు?’ అన్నాడు. ‘కోటు గుండీ విప్పి, చెయ్యెత్తి మాట్లాడావంటే అందరూ చూస్తారు’ అన్నాను. నాకది ఊహించి చెప్పిన మాట కాదు. 2009లో నేను చెయ్యెత్తాను, అందరూ చూశారు.

నేను 2006లో హెచ్1బీ మీద వచ్చాను. మొదటి ఊరు కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్. ఇన్సూరెన్స్ కంపెనీల ఊరు. మెయిన్‌ఫ్రేమ్ పని తెలిసిన తెలుగువాళ్లం అక్కడ చాలామందిమే ఉండేవాళ్లం. ఇప్పటిలా హుడీ తగిలించుకుని ఆఫీసుకు పోయే రోజులు కావు. క్లయింటు దగ్గరికి వెళ్లాలంటే ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నీటుగా టక్, నల్ల బూట్లు. నా సూట్‌కేసులో అమ్మ సర్దిపెట్టిన డజను బనియన్లు, చేతుల్లేనివి. పచ్చళ్ల సీసాలు పగలకుండా వాటి మధ్యనే చుట్టి పెట్టింది. చొక్కా కింద బనియను వేసుకోవాలన్నదొక్కటే నాకు తెలుసు. ఎలా వేసుకోవాలన్నది కూడా ఒక విద్యేనని తెలియదు.

2009 మార్చికి మాంద్యం మా ప్రాజెక్టు దాకా వచ్చింది. పన్నెండు మందిలో ఆరుగురినే ఉంచుతారని చెప్పారు. ఉద్యోగం పోతే హెచ్1బీ వాళ్లకు ఇప్పుడున్న 60 రోజుల గడువు అప్పుడు లేదు. ఆ నిబంధన 2017 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అద్దం ముందు టై సర్దుకుంటున్న ఈ పిల్లాడు అప్పటికి వాళ్లమ్మ కడుపులో ఉన్నాడు. ఆ వారంలోనే క్లయింటు మేనేజర్ల ముందు నేనొక విషయం వివరించాల్సి వచ్చింది. రాత్రిపూట నడిచే బ్యాచ్ జాబు ఎందుకు మాటిమాటికీ ఆగిపోతోందో చెప్పాలి. మూడు రాత్రులు కూర్చుని కారణం పట్టుకున్నాను. వైట్‌బోర్డు మీద, పైనుంచి కింది దాకా, ఇరవై నిమిషాలు బొమ్మలు గీస్తూ చెప్పాను. మధ్యలో వెనక ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరిపారు. నా విశ్లేషణకి జనం కదిలిపోతున్నారనుకున్నాను!

మీటింగు అయ్యాక రెస్ట్‌రూమ్‌లో చేతులు కడుక్కుంటుంటే మా టీములోని పెద్దాయన ఒకరు వచ్చారు. అరవై దాటిన నల్లజాతి మనిషి. కుర్రతనంలో నేవీలో పనిచేసి, తర్వాత కంప్యూటర్లలోకి వచ్చినవాడు. తలుపు వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకుని, ‘బాబూ, నీ వెనక జెండా ఎగురుతోంది’ అన్నాడు. చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. చొక్కా బయటికొచ్చేసింది. దాని వెంట బనియనూ వచ్చేసింది. మూడేళ్లు వాడి వాడి పసుపు తేలిన బనియను, అంచుకి పెద్ద చిరుగు. ‘ఎంతసేపట్నుంచి?’ అనడిగాను. ‘నువ్వు మొదటి గీత గీసిన దగ్గర్నుంచి’ అన్నాడు. అబద్ధం చెప్పే అలవాటు ఆయనకి లేదు.

ఆ గదిలో నాకు సరిగ్గా వెనకే ముగ్గురు తెలుగువాళ్లం అనే వాళ్లు కూర్చున్నారు. రోజూ కలిసి భోంచేసేవాళ్లమే. మధ్యాహ్నం అడిగితే, ‘చెబుదామనే అనుకున్నాంరా, అందరి ముందూ బాగోదని ఊరుకున్నాం’ అన్నారు. అందరి ముందూ చెప్పకపోయినా ఒక చీటీ రాసి ముందుకు తొయ్యొచ్చు, నీళ్లిచ్చే వంకతో లేచి రావొచ్చు. ఏదీ చెయ్యలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాడినేమో. మొహమాటం మనకి ఉగ్గుపాలతో పట్టిస్తారు.

పెద్దాయన మాత్రం అక్కడితో వదల్లేదు. వచ్చే వారం నాకు ఇంకో కంపెనీలో ముఖాముఖి ఇంటర్వ్యూ ఉందని ఆయనకి తెలుసు. మర్నాడు పొద్దున్నే ఖాళీ మీటింగు రూములోకి తీసుకెళ్లి, తలుపేసి, రంగం సిద్ధం చేసినట్టు నిలబడ్డాడు. నేవీలో కుర్రాళ్లకి మొదటి వారంలోనే నేర్పే పాఠమట. నాకు ఇరవై తొమ్మిదేళ్లకి అందింది.

ముందు బనియను. దాన్ని పంట్లాంలోకి కాదు, డ్రాయరు లోపలికి దోపాలి. పంట్లాం నడిచేటప్పుడు కదులుతుంది, డ్రాయరు కదలదు. చిన్నప్పుడు బడికి వెళ్లేటప్పుడు అమ్మలు చేసేది ఇదే. పెద్దయ్యాక నామోషీ అనుకుని మానేస్తాం. నాలుగు వైపులా కిందికి లాగి, మడతలు చేత్తో చదును చెయ్యాలి. దాని మీద చొక్కా. పంట్లాం ఎక్కించాక, బెల్టు పెట్టకముందు, చొక్కాకి రెండు పక్కలా కుట్టు దగ్గర మిగిలిన గుడ్డని బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకుని వెనక్కి మడవాలి, కాగితం మడిచినట్టు. ఆ మడత చెదరకుండా నడుము బిగించాలి. అప్పుడు బెల్టు. చివరికి ముందు వైపు చూసుకోవాలి. చొక్కా గుండీల పట్టీ, బెల్టు బకిలు అంచు, జిప్పు మీది పట్టీ మూడూ ఒకే గీత మీద ఉండాలి. దాన్ని వాళ్లు గిగ్ లైన్ అంటారు.

అంతా అయ్యాక అసలు పరీక్ష. ఒకసారి కుర్చీలో కూర్చుని లేవాలి. రెండు చేతులూ పైకెత్తి దించాలి. అప్పటికీ చెదరకపోతేనే గది దాటాలి. ‘కోడ్ రాసి టెస్ట్ చెయ్యకుండా పంపిస్తావా?’ అన్నాడు నవ్వుతూ. తర్వాత పంట్లాం కాలు కొంచెం పైకెత్తి చూపించాడు. చొక్కా అంచు నుంచి సాక్సు దాకా, తొడ పక్కగా, ఎలాస్టిక్ పట్టీ. రెండు చివర్లా క్లిప్పులు. షర్ట్ స్టే అంటారు. సైనికులూ పోలీసులూ యూనిఫాం కింద పెట్టుకుంటారు. చూడగానే మొలతాడు గుర్తొచ్చింది నాకు. జారిపోయే నిక్కర్ని మొలతాడు కింద దోపుకుని గోళీలాడిన వాళ్లం. మన షర్ట్ స్టే మనకి పుట్టుకతోనే కట్టారు, పెద్దయ్యాక తెంపేసుకున్నాం.

ఇంటర్వ్యూ అయింది. ఆ ఉద్యోగం వచ్చింది. బనియను వల్ల వచ్చిందని చెప్పను. ఆ ముప్పావుగంటలో నా చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి వెళ్లి తడుముకోలేదన్నది మాత్రం చెబుతాను. ఒంటి మీద గుడ్డ గురించి ఆలోచించాల్సిన పని లేకపోతే బుర్రలో ఎంత చోటు మిగులుతుందో ఆ రోజే తెలిసింది.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, తర్వాత చాన్నాళ్లకి అసలు బనియను ఎందుకు బయటికొస్తుందని లెక్క తీశాను. మా ఆవిడ కుట్టుమిషను టేపు తీసుకుని అద్దం ముందు నిలబడి కొలుచుకున్నాను. రెండు చేతులూ ఎత్తితే పూర్తి చేతుల చొక్కా నా ఒంటి మీద నాలుగంగుళాలు పైకి లేచింది. చేతులున్న బనియను మూడంగుళాలు. చేతుల్లేని బనియను అంగుళం కూడా లేవలేదు. అంటే పాపం అమ్మ కొన్న కట్ బనియనుది కాదు తప్పు. అది పొట్టిదైపోయింది. కొన్నప్పుడు సరిగ్గా ఉన్నదే. బనియను అల్లిక గుడ్డ, మిల్లులో పొడవునా లాగి ఉంచుతారు. వేడినీళ్లలో తడిసి, డ్రయ్యరులో గిర్రున తిరిగేసరికి ఆ లాగుడంతా వదిలి దగ్గరికి ముడుచుకుంటుంది. తెనాలిలో మా పెరటి దండెం మీద తడి బరువుకి కిందికి సాగుతూ ఆరేది. ఇక్కడ చాలా కాలనీల్లో దండెం కడితే నోటీసు వస్తుంది. కాబట్టి అందరం డ్రయ్యరులోకే తోస్తాం. ఏడాది తిరిగేసరికి బనియను జాకెట్టు అవుతుంది.

ఇంకో కారణం పంట్లాం. మా నాన్నగారి తరం పంట్లాం బొడ్డు మీద కట్టేవాళ్లు. 2000 తర్వాత నేను కొన్నవన్నీ తుంటి మీద నిలబడేవి. నడుము రెండు మూడంగుళాలు కిందికి దిగింది, బనియను పొడవు మాత్రం పెరగలేదు. లోపల దోపడానికి మిగిలేదెంత?

ఈ గోల పడలేక అసలు బనియనే వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. 1934లో వచ్చిన ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ సినిమాలో క్లార్క్ గేబుల్ చొక్కా విప్పితే లోపల బనియను ఉండదు. దాంతో అమెరికాలో బనియన్ల అమ్మకాలు పడిపోయాయని కథలు కథలుగా చెబుతారు. రుజువులేమీ లేవు. అసలు బనియను అనే మాటే మన వైపు నుంచి వెళ్లింది. గుజరాతీ వర్తకులైన వాణియాల పేరు పోర్చుగీసు, ఇంగ్లిషు నాలుకల మీద బనియన్‌గా మారి, పద్దెనిమిదో శతాబ్దంలో యూరపు, అమెరికా పెద్దమనుషులు ఇంట్లో వేసుకునే వదులు అంగీకి పేరైంది. మనం మాత్రం దాన్ని చొక్కా కిందికి పంపించాం.

2014 వేసవిలో నాన్నగారు మా దగ్గరికి ఆరు నెలలు వచ్చారు. తెనాలి ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆయన టక్ అంటే మా బజారులో పేరు. ఇస్త్రీ తెల్లచొక్కా, ఎత్తుగా కట్టిన పంట్లాం, ఎక్కడా చిన్న ముడత కూడా ఉండేది కాదు. సాయంత్రం ఆరింటికి సైకిలు దిగినా పొద్దున తొమ్మిదింటి మనిషిలాగే ఉండేవారు. మా ఇంట్లో బట్టలు మడతపెడుతూ నా వీ-నెక్ బనియన్లు చూసి, ‘ఇంత లోతు మెడేంట్రా?’ అన్నారు. గుండీ విప్పినా మెడ దగ్గర కనపడకుండా అని చెప్పాను. బూడిద రంగువి చూసి, ‘ఇవెందుకు మాసిపోయినట్టున్నాయి?’ అన్నారు. తెల్లచొక్కా కింద తెల్ల బనియను చేతుల అంచుతో సహా కనబడుతుంది, బూడిద రంగైతే ఒంటి రంగులో కలిసిపోతుందని చెబితే నమ్మలేదు. వేసి చూపించాక ‘అవునే’ అన్నారు.

అప్పుడు అడిగాను. ‘నాన్నా, మీ టక్ ఎప్పుడూ చెదిరేది కాదు. ఎవరు నేర్పారు?’

ఆయన నవ్వలేదు. ‘నేర్పేదేముందిరా. రెండే బనియన్లుండేవి నాకు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. అంచులన్నీ చిరుగులే. బాగా లోపలికి దోపితే ఎవరికి కనబడుద్ది? పైకి తేలకుండా మధ్యాహ్నం ఒకసారి, నాలుగింటికి ఒకసారి బాత్రూములోకి పోయి సర్దుకునేవాణ్ణి’ అన్నారు.

‘కొత్తవి కొనుక్కోవాల్సింది కదా?’

‘కొనుక్కోవాల్సిందే’ అని, ‘కాఫీ ఉందేమో మీ ఆవిణ్ణి అడుగు’ అన్నారు.

దసరాకి మా ముగ్గురు పిల్లలకీ కొత్త బట్టలు వచ్చేవి. అమ్మకి చీర వచ్చేది. నాన్నగారికి కొత్త బనియను వచ్చిన దసరా నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆ నీటుదనం చూసి నేను చిన్నప్పుడు మురిసిపోయేవాణ్ణి. దాని కింద ఏముందో తెలుసుకోవడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది. 2009లో వైట్‌బోర్డు ముందు బయటికొచ్చింది ఒక చిరుగే. ఆయన ఏళ్ల తరబడి చిరుగుల్ని లోపలే ఉంచి డిపోలో లెక్కలు రాశారు.

అప్పట్నుంచి ఇండియా వెళ్లినప్పుడల్లా ఆయనకి బనియన్లు నేనే కొంటున్నాను, చేతులున్నవి, 90 సైజు. మన దగ్గర సైజు సెంటీమీటర్లలో, ఇక్కడ ఎస్, ఎమ్, ఎల్ అక్షరాల్లో. అక్కడి నుంచి తెచ్చుకునేవాళ్లు ఒక సైజు పెద్దది తెచ్చుకోండి, కనీసం డ్రయ్యరు వేడి తగ్గించండి. ఇక్కడ కొనేవాళ్లు పొడుగువాళ్ల కోసం అమ్మే ‘టాల్’ రకం చూడండి. మనిషి పొడుగు కాకపోయినా ఫరవాలేదు, దోపడానికి గుడ్డ మిగులుతుంది. మా ఆవిడ మాత్రం ఇదంతా విని, ‘అయిదున్నర మీటర్ల చీరని ఒక్క పిన్నీసుతో రోజంతా నిలబెడతాం మేము. మూడడుగుల బనియనుకి మీకింత శాస్త్రమా?’ అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కోవిడ్ తర్వాత రెండేళ్లు పైన చొక్కా, కింద లుంగీతో కెమెరా ముందు కూర్చుని అందరం ఈ విద్య మర్చిపోయాం. నిరుడు మా ఆఫీసులో వారానికి మూడు రోజులు రావాల్సిందే అన్నారు. మా టీములోకి ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చి, చదువయ్యాక ఏడాది తిరిగి తిరిగి సంపాదించుకున్న మొదటి ఉద్యోగం. మొదటి డెమో రోజున చక్కగా తయారై వచ్చాడు. ప్రొజెక్టరు కేబులు పెట్టడానికి వంగితే వెనక బనియను బయటికొచ్చింది. గదిలో అప్పటికి నలుగురమే ఉన్నాం. ఇంకో అయిదు నిమిషాల్లో డైరెక్టర్లు వస్తారు.

చెప్పనా వద్దా అని నాకు కొన్ని క్షణాలు పట్టింది. ఇంత జరిగిన మనిషికి కూడా! కొత్త కుర్రాడు, సిగ్గుపడతాడేమో, కంగారుపడి డెమో పాడుచేసుకుంటాడేమో. హార్ట్‌ఫర్డ్‌లో నా వెనక కూర్చున్న ముగ్గురి మనసుల్లో ఏం నడిచిందో అప్పుడు తెలిసింది నాకు. లేచి, ‘ఒకసారి కాఫీ తెచ్చుకుందాం రా’ అని బయటికి తీసుకెళ్లి చెవిలో చెప్పాను. మొహం ఎర్రబడింది. వెళ్లి సర్దుకుని వచ్చాడు. ‘ఎంతసేపట్నుంచి అన్నా?’ అనడిగాడు.

‘ఇప్పుడే’ అన్నాను. పెద్దాయనలా నిజం చెప్పలేకపోయాను. ఆయన ఇచ్చిన పాఠంలో ఆ ఒక్క మెట్టు నేను మార్చుకున్నాను. డెమో అయ్యాక మిగతా పాఠమంతా చెప్పాను, డ్రాయరు దగ్గర్నుంచి గిగ్ లైను దాకా. షర్ట్ స్టే గురించి చెబితే అక్కడే ఫోన్లో ఆర్డరు పెట్టేశాడు.

మళ్లీ శనివారం ఉదయానికి వస్తే, మా వాడికి బనియను లోపలికి దోపించి, పక్కల మడతలు వెనక్కి పట్టి, బెల్టు బిగించాను. కూర్చోమన్నాను, లేవమన్నాను, చేతులెత్తమన్నాను. ‘నాన్నా, టైమవుతోంది’ అని విసుక్కుంటూనే ఎత్తాడు. చెదరలేదు. అప్పుడే ఫోను మోగింది. తెనాలిలో సాయంత్రం అయిదు దాటింది. నాన్నగారు వీడియోలో ఉన్నారు. డెబ్బై ఏడేళ్లిప్పుడు. ఎడమచెయ్యి సరిగ్గా లేవదు, చొక్కా అమ్మే తొడుగుతుంది.

మనవణ్ణి సూటులో చూసి కళ్లజోడు పైకి తోసుకున్నారు. ‘కోటు తీసి వెనక్కి తిరుగు, ఒకసారి చూస్తా’ అన్నారు. వాడు నావైపు చూశాడు. కోటు విప్పి తిరిగాడు. నాన్నగారు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

‘బానే ఉంది. బనియను ఏం సైజు?’

‘మీడియం, తాతయ్యా.’

‘అట్టా అంటే నాకేం తెలుసు? ఒక సైజు పెద్దది కొనమను మీ నాన్నని. ఉతికితే కుంచించుకుపోద్ది.’